పంచకల్యాణి కాళ్ళకు పైపు నీళ్ళు

శ్రావణమాసంలో ఒక రాత్రి విజయనగరం కోట జంక్షన్ దగ్గర పెళ్ళి ఊరేగింపు వానకు ఆగిపోయింది. బ్యాండు వాళ్ళు డ్రమ్ముల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి షాపుల ముందు చేరారు. పెళ్ళికొడుకు దిగి కారెక్కేశాడు. రోడ్డు మీద మిగిలింది గుర్రం, దాని కళ్ళెం పట్టుకున్న మనిషి. గుర్రం వెనక కాలు ఒకటి పూర్తిగా నేలకు ఆనించడం లేదు. వంగి చూశాను. డెక్కకు కాస్త పైన, వెనకవైపు మడత పడే చోట వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా అతుక్కుపోయి, వాటి మధ్య తేనెరంగు పక్కులు కట్టి ఉన్నాయి.

"ఏటైంది దీనికి?" అనడిగాను.

"బురద బాబూ. వానాకాలమొస్తే ఇంతే. రోజూ రాత్రి ఇంటికెళ్ళగానే పైపెట్టి సుబ్బరంగా కడిగేత్తన్నాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేత్తంది."

జబ్బు ఎందుకు తగ్గడం లేదో ఆ మాటల్లోనే ఉంది.

దీన్ని ఇంగ్లీషువాళ్ళు మడ్ ఫీవర్ అంటారు. పేరులో రెండు మాటలూ సగం తప్పే. జ్వరం మామూలుగా రాదు, బురద ఒక్కటే కారణమూ కాదు. అసలు ముద్దాయి తడి. వరినాట్లు వేసేవాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. వారం రోజులు మడిలో నిలబడితే కాలివేళ్ళ సందులు తెల్లగా నాని పాసిపోతాయి. గుర్రం చర్మమూ అంతే. పైన ఉండే పొడి, జిడ్డు పొర గంటల తరబడి నానితే ఉబ్బి మెత్తబడుతుంది. ఆపైన ఇసుక రేణువులు ఒరుసుకుంటాయి. అడుగడుగుకీ ముడుచుకుని విచ్చుకునే ఆ మడత దగ్గర సన్నటి పగుళ్ళు పడతాయి.

ఆ పగుళ్ళ కోసమే కాచుకుని ఉండే బాక్టీరియా ఒకటుంది, డెర్మటోఫిలస్ కాంగోలెన్సిస్. 1915లో బెల్జియన్ కాంగోలో పశువుల చర్మం మీద దీన్ని మొదట గుర్తించారు, పేరు అందుకే. పొడిగా ఉన్నంతకాలం ఇది పాత పక్కుల్లో చడీచప్పుడు లేకుండా నెలల తరబడి పడి ఉంటుంది. నీళ్ళు తగలగానే అందులోంచి చిన్న చిన్న తోకలున్న కణాలు బయటికొచ్చి, చర్మం మీది నీటిపొరలో ఈదుతాయి. చర్మం వదిలే కార్బన్ డయాక్సైడే వాటికి దారి చూపుతుంది. పగులు దొరికితే దారాల్లా మొలిచి, కొమ్మలు వేసి, అడ్డంగానూ నిలువుగానూ విడిపోతాయి. మైక్రోస్కోపు కింద చూస్తే పక్కపక్కనే సాగే రైలు పట్టాల్లా గుండ్రటి కణాల వరసలు కనిపిస్తాయి.

శరీరం ఊరుకోదు. తెల్లరక్తకణాలను పంపి అడ్డుకట్ట వేసి, కింద కొత్త చర్మం పుట్టిస్తుంది. వెంట్రుకల కుదుళ్ళలో దాక్కున్న దారాలు ఆ కొత్త చర్మంలోకీ దిగుతాయి. మళ్ళీ అడ్డుకట్ట, మళ్ళీ చొరబాటు. పక్కు పొరలు పొరలుగా మందమెక్కేది ఇందుకే. దాన్ని పీకితే వెంట్రుకలతో సహా ఊడి, రంగులేసే కుంచెలా చేతికొస్తుంది.

మనవాళ్ళకు పంచకల్యాణి అంటే మహా ముచ్చట. నాలుగు కాళ్ళూ తెలుపు, నుదుటి మీద తెలుపు, మంచి శకునం. పాపం, ఆ తెల్లకాళ్ళే ఈ జబ్బుకు తేలిగ్గా దొరికిపోతాయి. అక్కడి వెంట్రుకల కింద చర్మం గులాబీరంగులో ఉంటుంది, నల్లచర్మం కంటే సుకుమారం, ఎండకు కూడా కమిలిపోతుంది. అలాగని తెల్లగుర్రాలన్నీ ఒకటి కావు. చాలా వాటికి వయసుతో వెంట్రుకలు తెల్లబడతాయే గానీ లోపలి చర్మం నలుపే. మూతి చూస్తే తెలిసిపోతుంది. పెళ్ళిళ్ళకు గిరాకీ ఎక్కువుండే నుక్రా గుర్రాలకు మాత్రం మూతీ చర్మమూ అంతా గులాబీరంగే.

ఇప్పుడు పైపు సంగతి. బురద కాళ్ళను రాత్రి జోరుగా కడిగి, తుడవకుండా కట్టేస్తే ఏమవుతుంది? బురద పోతుంది, తడి తెల్లారేదాకా ఉంటుంది. నీటి జోరుకు మట్టి పగుళ్ళలోకి ఇంకా దిగుతుంది కూడా. దీనికంటే బురదను ఆరనిచ్చి, పొద్దున మెత్తటి బ్రష్‌తో దులపడం నయం. కడగక తప్పకపోతే కడిగిన ప్రతిసారీ పూర్తిగా తుడవాలి. కట్టేసే చోట నేల మెరకగా, పొడిగా ఉండాలి. ఊక పరిచినా వరిగడ్డి పరిచినా, మూత్రంతో తడిసింది రోజూ తీసేయాలి.

పక్కులు కట్టాక వైద్యం ఓపిక పని. చుట్టూ వెంట్రుకలు పొట్టిగా కత్తిరించాలి. పక్కులను ఎండుగా ఉండగా పీకకూడదు. గుర్రానికి ప్రాణం పోయినంత నొప్పి, తన్నినా దాని తప్పులేదు. గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి, వదులైనవి మాత్రమే తీయాలి. డాక్టరు చెప్పిన పాళ్ళలో కలిపిన క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు పట్టించి, పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి ఆరబెట్టాలి. చేతికి గ్లవ్స్ ఉండాలి, ఇది అరుదుగా మనుషులకూ అంటుతుంది. తీసిన పక్కులు అక్కడే పడేయకుండా కాల్చేయాలి. వాడిన ఇంజన్ ఆయిల్ పూయడం మనవైపు పాత అలవాటు. అది చర్మాన్ని మండిస్తుంది, లోపలి తడిని బయటికి పోనివ్వదు.

కాలు వాచినా, వేడిగా ఉన్నా, కుంటుతున్నా ఇంటి వైద్యం ఆపేయాలి. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. గుర్రాలకు ధనుర్వాతం భయం ఎక్కువ కాబట్టి ఆ టీకా సంగతీ చూసుకోవాలి. పైగా పక్కులన్నీ ఈ జబ్బువే కావు. రాత్రిళ్ళు కాళ్ళు నేలకేసి కొట్టుకుంటుంటే గజ్జి పురుగులు కావచ్చు. కొన్నిసార్లు తామర కావచ్చు. తెల్లచర్మం మాత్రమే కమిలితే కాలేయం సరిగ్గా లేకపోవడమూ కారణం కావచ్చు. తేల్చాల్సింది పశువుల డాక్టరే. జిల్లాలో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

ఇదంతా ఆ వానలో అతనికి చెప్పలేదు. కుంటే గుర్రాన్ని రేపట్నుంచి కొన్నాళ్ళు పనికి తిప్పకు, డాక్టరుకి చూపించు, రాత్రి పైపు పెట్టకు అన్నాను. పెట్టినా తుడవమన్నాను. "అంతేనా?" అని, నమ్మీ నమ్మనట్టు చూసి, భుజం మీది తువ్వాలు తీసి కూర్చుని ఆ కాలు మెల్లగా అద్దాడు. తర్వాత అదే తువ్వాలుతో బాగున్న కాలివైపు జరుగుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.