పాత కాగితాలు చరిత్రవాళ్ల సొత్తు కాదు: రికార్డు గదిలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

గుంటూరులో ఒక కాలేజీ లైబ్రరీకి ఆనుకుని ఉన్న పాత రికార్డుల గదిలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. కొత్తగా వచ్చే పిల్లల్లో చాలామంది గుమ్మంలోనే ఆగిపోయి ఒకే మాట అడుగుతారు: "సార్, నాది హిస్టరీ కాదు. ఇక్కడ నాకేమైనా దొరుకుతుందా?" ఆ ప్రశ్న విన్నప్పుడల్లా ఇది రాయాలనుకునేవాణ్ణి.

అపోహ: పాత రికార్డులు చరిత్ర పరిశోధకులకే పనికొస్తాయి

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు పేపర్లన్నీ 2009 వరదతోనూ, 1903 వరదతోనూ పోల్చి రాశాయి. 1903లో బ్యారేజీ లేదు, అది 1957లో వచ్చింది. ఉన్నది 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్ట. అయినా 1903 లెక్క మనకు తెలిసిందంటే, ఆనాడు అక్కడ పనిచేసిన సిబ్బంది నీటిమట్టం చూసి రాసిపెట్టబట్టే. వాళ్లు చరిత్ర కోసం రాయలేదు. కాలవలకు నీళ్లు ఎంత వదలాలో తెలియడానికి రాసుకున్నారు. ఈరోజు అది కావాల్సింది సివిల్ ఇంజనీరుకి.

అలాగే విజయవాడలో చాళుక్య రాజు యుద్ధమల్లుడు వేయించిన శాసనం. చెక్కించింది కార్తికేయుడి గుడి గురించీ, అక్కడి మఠంలో ఎవరుండాలి, ఎవరుండకూడదు అన్న కట్టడి గురించీ. వెయ్యేళ్లు దాటాక దాన్ని ఎక్కువగా చదువుతున్నది అందులోని మధ్యాక్కర అనే పద్యం ఎలా నడిచిందో చూసే ఛందస్సు వాళ్లు, పాత తెలుగు మాటల రూపాలు వెతికే భాషాశాస్త్రం వాళ్లు. గుంటూరుకి 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ లాంటి మిషనరీ వైద్యులు తమ బోర్డులకు పంపిన రిపోర్టులు విరాళాలిచ్చేవాళ్లకు లెక్క చెప్పడానికి రాసినవి. ఇప్పుడు వాటిని కాన్పుల వైద్యం మీదా, ఆడవాళ్ల ఆరోగ్యం మీదా పనిచేసేవాళ్లు చదవాలి. పాత అడంగల్ తీస్తే ఏ పొలంలో ఏ పంట వేశారో సర్వే నంబరు వారీగా ఉంటుంది. రెవెన్యూవాళ్లకు అది శిస్తు కాగితం. మిరపా, పొగాకూ ఇంతగా పరుచుకోకముందు ఈ నేలలో ఏం పండేదని అడిగే వ్యవసాయ శాస్త్రవేత్తకు అది పంటల పటం.

అందుకే మా గదికి వచ్చినవాళ్లను "మీ సబ్జెక్టు ఏంటి?" అని అడగను. "మీకు ఏం తెలియాలి?" అని అడుగుతాను. అది చెప్తే ఏ కట్ట విప్పాలో నేను చూసుకుంటాను.

అపోహ: మా ఊరి రికార్డు మా జిల్లా కేంద్రంలోనే ఉంటుంది

దీనివల్ల పీహెచ్‌డీలు నెలలకు నెలలు ఆగిపోవడం నా కళ్లతో చూశాను. ఒకమ్మాయి 1870ల నాటి గుంటూరు జిల్లా ఉత్తర ప్రత్యుత్తరాల కోసం తిరిగి తిరిగి, చివరికి "ఆ పదేళ్ల రికార్డు తగలబడిపోయిందేమో సార్" అంది. తగలబడలేదమ్మా, అప్పటికి గుంటూరు జిల్లానే లేదు అని చెప్పాను. 1859లో జిల్లాను రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపేశారు. మళ్లీ గుంటూరు జిల్లా ఏర్పడింది 1904 అక్టోబరు 1న. ఆ మధ్య 45 ఏళ్ల గుంటూరు సంగతులు కావాలంటే మచిలీపట్నం కేంద్రంగా నడిచిన కృష్ణా జిల్లా పేరుతో వెతకాలి. ఒంగోలు వైపు వాళ్లకు ఇంకో చిక్కు. వాళ్ల తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత 1970 దాకా గుంటూరు జిల్లా, ఆపైన ప్రకాశం. విజయవాడ ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అయినా 1859 నుంచి 2022 దాకా కాగితమంతా కృష్ణా పేరుతోనే ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే జిల్లా దాటాలి. 1832-33 డొక్కల కరువు సంగతులు కావాలా? కలెక్టర్లు మద్రాసు రెవెన్యూ బోర్డుకు జవాబుదారులు, ఆ బోర్డు రికార్డులు చెన్నై ఎగ్మూరులో ఉన్నాయి. వెతికేటప్పుడు పాత ఇంగ్లీషు స్పెల్లింగులు కూడా చేతిలో ఉంచుకోండి. కృష్ణా 'కిస్ట్నా'గా, విజయవాడ 'బెజవాడ'గా, మచిలీపట్నం 'మసులిపటం'గా కనిపిస్తాయి. రెవెన్యూ కాగితం మీద ఫసలీ, అంటే జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం, ఉంటే ఆ అంకెకు 590 కలపండి. ఫసలీ 1310 అంటే 1900 జులై నుంచి 1901 జూన్ దాకా అన్నమాట. ఈ చిన్న కూడిక తెలియక ఏడాది అటూ ఇటూ రాసేసిన సిద్ధాంత వ్యాసాలు ఉన్నాయి.

అపోహ: ప్రభుత్వ కాగితం ఎక్కడో ఒకచోట శాశ్వతంగా ఉంటుంది

ఉండదు. మద్రాసు కాలం నుంచీ కలెక్టరాఫీసుల్లో ఫైలు ముగించేటప్పుడే దాని ఆయుష్షు రాసేస్తారు. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్ పదేళ్లు, ఎల్.డిస్ ఏడాది. కాబట్టి పాత ఉత్తరువులో ఫైలు నంబరు దొరగ్గానే సంబరపడకుండా దాని ముందున్న అక్షరం చూడండి. డి.డిస్ అని ఉంటే అసలు ఫైలు దొరికే ఆశ తక్కువ. అప్పుడు ఆ ఫైలు నకలు ఏ పై ఆఫీసుకు వెళ్లి ఉంటుందో అక్కడ అడగాలి.

అపోహ: స్కాన్ చేసేశాం, ఇక అసలుది అక్కర్లేదు

ఈ మాట వింటే నాకు నిజంగా భయమేస్తుంది. ఒకచోట పాత రిజిస్టర్లను స్కాన్ చేయించి, అసలు పుస్తకాలను తూకానికి వేసేశారు. ఆ స్కాన్లు తర్వాత నా దగ్గరికి వచ్చాయి. పేజీ వెనక వైపు తీయలేదు. అంచులు కత్తిరించేశారు. గుమాస్తాలు 'ఫలానా ఫైలు చూడుము' అని రాసేది ఆ అంచుల్లోనే. తపాలా ముద్రా, అందిన తేదీ ఉండేది వెనక వైపునే. కాగితాన్ని వెలుగుకెత్తి చూస్తే కనిపించే నీటిగుర్తును బట్టి అది ఎప్పటి కాగితమో తెలుస్తుంది. అది మామూలు స్కానరు పట్టదు. స్కాన్ చేయండి, తప్పకుండా చేయండి. అసలు కాగితాన్ని మాటిమాటికీ ముట్టుకోకుండా ఉండటానికి చేయండి.

కట్టలోని వరస కూడా చెరపకండి. తేదీల ప్రకారం సర్దిపెడదామని విప్పి కలిపేస్తే, ఏ ఉత్తరానికి ఏది జవాబో తెలియకుండా పోతుంది.

అపోహ: లామినేషన్ చేయిస్తే కాగితానికి ఢోకా ఉండదు

ఇళ్లలో పాత దస్తావేజుల మీద జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే. వేడికి పాత సిరా దెబ్బతింటుంది, జిగురు కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ విడదీయలేం. సెల్లోటేపు కూడా అంతే, కొన్నేళ్లకు పచ్చటి మరక మిగుల్చుతుంది. శుభ్రమైన కాటన్ గుడ్డలోనో, మంచి కాగితపు కవర్లోనో బల్లపరుపుగా పెట్టండి. గోడకు ఆనించకండి, చెదలు వచ్చేది అక్కడినుంచే.

అపోహ: మా తాత చిట్టా పుస్తకం ఎవరిక్కావాలి?

అదే 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వాగు వరద తగ్గిన మూడో రోజు, అక్కడి సింగ్‌నగర్ నుంచి ఒక కుటుంబం ట్రంకుపెట్టె పట్టుకుని గుంటూరు వచ్చింది. పెట్టెలో ఇంటి దస్తావేజులు, పెళ్లి ఫొటోలు, అడుగున ఎర్ర గుడ్డ బైండింగు ఉన్న నాలుగు లావుపాటి పుస్తకాలు ఉన్నాయి. అవి వన్‌టౌన్‌లో వాళ్ల తాతగారు నడిపిన కిరాణా కొట్టు చిట్టాలు. "దస్తావేజులు చూడండి సార్, ఆ చిట్టాలు పారేసినా పర్లేదు" అన్నాడు పెద్దబ్బాయి.

తడి కాగితానికి రెండు రోజులే గడువు, ఆ తర్వాత బూజు పడుతుంది. వీటికి అప్పటికే అంచుల్లో నల్ల చుక్కలు మొదలయ్యాయి. అన్నీ ఒకేసారి ఆరబెట్టడానికి చోటు లేదు. దస్తావేజులూ, ఫొటోలూ ముందు తీసుకుని, చిట్టాలను ప్లాస్టిక్ కవర్లలో చుట్టి తెలిసిన ఐస్‌క్రీం కొట్టువాళ్ల డీప్ ఫ్రీజర్లో పెట్టించాను. గడ్డకడితే బూజు అక్కడితో ఆగుతుంది. తర్వాత వారానికొక పుస్తకం తీసి, నీడలో, ఫ్యాను గాలికి, పదేసి పేజీల మధ్య అచ్చులేని తెల్ల కాగితం పెట్టి, అది తడవగానే మారుస్తూ ఆరబెట్టాం. ఎండలో మాత్రం పెట్టలేదు. పెడితే పేజీలు వంకర్లు తిరిగి అప్పడాల్లా విరిగిపోతాయి. పేజీలు విడదీయడానికి నేను వాడేది పలచగా చెక్కిన వెదురు పుల్ల. తొందరపడితే పేజీ చిరుగుతుంది. ఒక్కో పుస్తకానికి నాలుగైదు రోజులు పట్టింది.

విడదీస్తూ చదివాను. కందిపప్పు ధర, కిరసనాయిలు డబ్బా, హమాలీ కూలి, శ్రీరామనవమి పందిరికి చందా. మధ్యమధ్య పద్దు ఏమీ లేకుండా ఒక్క ముక్క: 'వాన. కొట్టు తీయలేదు.' తేదీతో సహా. ఏళ్ల తరబడి ఆ పెద్దాయన తనకు తెలియకుండానే వన్‌టౌన్ వానల పట్టీ రాశారు. ఆ ముక్కలు చూపిస్తే పెద్దబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల అమ్మకు వీడియో కాల్ చేసి ఒక్కో పద్దూ చదివి వినిపించాడు. ఆవిడ అటువైపు నుంచి అప్పుతీసుకున్నవాళ్ల ఇంటిపేర్లు గుర్తుపట్టి చెబుతుంటే నేను పక్కన రాసుకున్నాను.

పుస్తకాలు ఇప్పుడు వాళ్లింట్లోనే, బీరువా పై అరలో, పాత నూలు చీర గుడ్డలో ఉన్నాయి. స్కాన్ ప్రతి వాళ్ల అనుమతితో మా దగ్గర ఉంది. ధరల మీద పనిచేస్తున్న ఎకనామిక్స్ విద్యార్థిని ఒకరు వచ్చి కందిపప్పు పద్దులు ఎత్తిరాసుకుంటున్నారు. వాన పద్దుల్ని ఇంకా ఎవరూ అడగలేదు. తేదీలన్నీ విడిగా రాసి పెట్టాను, ఇంజనీరింగ్ పిల్లలెవరైనా వస్తే ఇస్తాను.