కంట్రీ పాట చుట్టూ గీత గీసిందెవరు?

2025 ఫిబ్రవరిలో నల్లజాతి గాయని బియాన్సే 'కౌబాయ్ కార్టర్'కు ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. కంట్రీ అంటే అమెరికా దక్షిణాది పల్లెల్లో పుట్టిన పాట. దాంతో అమెరికాలో పాత గొడవ మళ్లీ లేచింది. అసలు ఇది కంట్రీయేనా? 2019లో నల్లజాతి ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్'ను బిల్‌బోర్డ్ పత్రిక తన కంట్రీ జాబితా నుంచి తీసేసినప్పుడు కూడా ఇదే ప్రశ్న వచ్చింది. అదే పాట, అదే పత్రిక ప్రధాన జాబితాలో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఈ తగువు నిన్న మొన్నటిది కాదు, దీనికి వందేళ్ల వయసుంది.

అమెరికా దక్షిణాది పల్లెల్లోకి ఫిడేలు యూరప్ నుంచి వచ్చింది. బాంజో అనే తీగవాద్యం మూలాలు బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికన్లవి. స్టీల్ గిటార్ హవాయి దీవులది (పాత హిందీ సినిమా పాటల్లో జారుతూ వినిపించే గిటార్ కూడా ఆ కుటుంబానిదే). నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకరి పాటలు ఒకరు విని నేర్చుకున్నారు. 1920లలో రికార్డు కంపెనీలు దిగి ఈ సరుకును రెండుగా విడదీశాయి. తెల్లవాళ్లు పాడితే 'హిల్‌బిల్లీ', నల్లవాళ్లు పాడితే 'రేస్ రికార్డులు'. గీత గీసింది అమ్మకందారులే.

1927 జులై చివర్లో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ బ్రిస్టల్ ఊరికి వచ్చాడు. ఆ ఊరి ప్రధాన వీధికి ఒక పక్క టెనెసీ, మరో పక్క వర్జీనియా. అక్కడ ఒక పాత టోపీల కంపెనీ భవనంలో రికార్డింగ్ పెట్టాడు. కొండల్లోంచి ఏ.పి. కార్టర్, భార్య సారా, తమ్ముడి భార్య మేబెల్ వచ్చారు. మేబెల్‌కు అప్పుడు 18 ఏళ్లు, నెలలు నిండుతున్న గర్భిణి. రైల్వేలో పనిచేసి క్షయతో ఉద్యోగం వదిలేసిన జిమ్మీ రోజర్స్ కూడా ఆ రోజుల్లోనే అక్కడ పాడాడు. కంట్రీ పుట్టిల్లు అని అందరూ చూపించేది ఆ గదినే.

ఆ తర్వాతి సంగతులను మాత్రం చాలామంది దాటేస్తారు. కార్టర్ కొత్త పాటల కోసం కొండల్లో తిరిగేటప్పుడు పక్కన లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు ఉండేవాడు. కార్టర్ మాటలు రాసుకుంటే, రిడిల్ బాణీ గుర్తుపెట్టుకునేవాడు. కాపీరైట్ కాగితాల మీద పడింది కార్టర్ పేరు. 1930లో రోజర్స్ ఒక పాట రికార్డు చేస్తే ట్రంపెట్ ఊదింది నల్లజాతి జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. తర్వాత పెద్ద కంట్రీ తార అయిన హాంక్ విలియమ్స్‌కు చిన్నప్పుడు గిటార్ నేర్పింది అలబామా వీధుల్లో పాడుకునే రూఫస్ పేన్ అనే నల్లజాతి గాయకుడు.

పాట బయటి జనంలోకి మొదట వెళ్లింది వేరే గొంతులతో. హాంక్ పాట 'కోల్డ్, కోల్డ్ హార్ట్'ను 1951లో పాప్ గాయకుడు టోనీ బెనెట్ ఆర్కెస్ట్రాతో పాడితే దేశమంతా మోగింది. కంట్రీ గాయకుల సొంత గొంతు నగరాలకు చేరడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. చివరికి దాన్ని అక్కడికి చేర్చింది రాక్ అండ్ రోల్ తెచ్చిన టెన్షన్. ఎల్విస్ వచ్చాక కుర్రకారు అటు వెళ్లిపోయారు. కంట్రీ రికార్డింగులకు కేంద్రమైన నాష్‌విల్‌లో చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ అనే ఇద్దరు నిర్మాతలు దీనికో దారి వెతికారు. పల్లె తరహా ఫిడేలు, స్టీల్ గిటార్ తగ్గించి, ఆర్కెస్ట్రా తరహా వయొలిన్ల బృందం, మెత్తని కోరస్ పెట్టారు. కంట్రీ గాయకుడు జిమ్ రీవ్స్ మైకుకు పెదవులు ఆనేంత దగ్గరగా నిలబడి, గొంతు తగ్గించి పాడాడు. ఆ గొంతు మన దేశానికీ వచ్చింది. ఆంగ్లో ఇండియన్, క్రైస్తవ కుటుంబాల్లో ఎంతోమందికి ఆయన క్రిస్మస్ పాటలు ఇప్పటికీ తెలుసు.

1961లో కంట్రీ గాయని ప్యాట్సీ క్లైన్ 'క్రేజీ' పాడిన తీరు చూడండి. విల్లీ నెల్సన్ రాసిన పాట అది. రెండు నెలల కిందటే కారు ప్రమాదం జరిగి, ఆమె చంకకర్రలతో స్టూడియోకు వచ్చింది. పక్కటెముకల నొప్పికి పైస్థాయి అందలేదు. బ్రాడ్లీ ఆ రోజు వాద్యాలు మాత్రం రికార్డు చేసి ఆమెను ఇంటికి పంపేశాడు. కొన్నాళ్ల తర్వాత వచ్చి ఒక్క టేకులో పాడేసింది. పాప్ జాబితాలో పాట తొమ్మిదో స్థానం దాకా వెళ్లింది. కంట్రీ పాడైపోయిందని మూలుగు అప్పుడే మొదలైంది. నాకు మాత్రం అందులో పల్లె దుఃఖం ఒక్క చుక్క కూడా తగ్గినట్టు అనిపించదు.

మరుసటి ఏడాది రే చార్లెస్ చేసింది ఇంకా పెద్ద పని. నల్లజాతి సోల్ గాయకుడు కంట్రీ ఆల్బమ్ చేస్తానంటే కంపెనీ తటపటాయించింది. చిన్నప్పుడు రేడియోలో నాష్‌విల్ వారి కంట్రీ పాటల కార్యక్రమం 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' వింటూ పెరిగిన మనిషి ఆయన, పట్టు వదల్లేదు. ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. డాన్ గిబ్సన్ రాసిన 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ' ఇంటింటి పాటైంది. అయినా ఆ రోజుల్లో కంట్రీ జాబితాలో దానికి చోటు దొరకలేదు. ఈ సంగీతాన్ని అంతమంది కొత్త శ్రోతల దగ్గరకు తీసుకెళ్లినవాడికి జరిగిన ఈ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాతి ప్రయాణం కొంత తెలిసిందే. 1968లో కంట్రీ గాయకుడు జానీ క్యాష్ కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ జైల్లో ఖైదీల ముందు పాడాడు. 1976లో నాష్‌విల్ పద్ధతుల మీద తిరగబడ్డ విల్లీ నెల్సన్, వేలన్ జెన్నింగ్స్‌ల ఆల్బమ్ పది లక్షల కాపీలు దాటింది. కంట్రీ గాయని డాలీ పార్టన్ 1974లో విడుదల చేసిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' పాటను 1992లో విట్నీ హ్యూస్టన్ ప్రపంచమంతా తిప్పింది.

పాట ఇలా అన్ని దిక్కులకూ వెళ్తుంటే, పాడేవాళ్లకు తలుపు తెరవడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఓప్రీ తొలి తారల్లో ఒకడు, హార్మోనికాతో రైలు కూతలు పలికించిన నల్లజాతి కళాకారుడు డిఫోర్డ్ బెయిలీని 1941లో తీసేశారు. ఆయన నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసే కొట్టు నడుపుకున్నాడు. 1966లో కంట్రీ గాయకుడు చార్లీ ప్రైడ్ తొలి రికార్డులను ఆర్‌సీఏ కంపెనీ ఫొటో లేకుండా రేడియో స్టేషన్లకు పంపింది. గొంతు నచ్చాక మనిషి నల్లవాడని తెలిసింది. 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆయన్ను ఆ ఏటి మేటి కళాకారుడిగా ఎన్నుకుంది. ఓప్రీలో సభ్యత్వం 1993లో తీసుకున్నాడు. బెయిలీ తర్వాత ఆ సభ్యత్వం పొందిన తొలి నల్లజాతి కళాకారుడు ఆయనే. బెయిలీ అప్పటికే 1982లో చనిపోయాడు.