హిస్టీరియా: అపోహలు - వాస్తవాలు

అభిమాన నటుణ్ణి చూసి గుంపు ఊగిపోయినా, ఎవరైనా గుండెలు బాదుకుని ఏడ్చినా ‘హిస్టీరియా’ అనేస్తాం. ఇంగ్లీషు వాడుకలోనూ అదుపు తప్పిన ఉద్వేగమనే అర్థమే స్థిరపడింది; పగలబడి నవ్వించేదాన్ని కూడా అక్కడ ‘హిస్టెరికల్’ అంటారు. మానసిక వైద్యుడిగా నా అభ్యంతరం ఆ వాడుక గురించి కాదు, కాలూ చెయ్యీ చచ్చుబడడం, మాట పడిపోవడం, ఫిట్స్ రావడం వంటివి ఉన్నా పరీక్షల్లో నరాలు చెడినట్టు కనిపించని రోగి బాధను అదే మాటతో కొట్టిపారేయడం గురించి.

అపోహ: ఇది ఆడవాళ్ల జబ్బు, పెళ్లి చేస్తే కుదురుతుంది.

వాస్తవం: గర్భాశయాన్ని సూచించే గ్రీకు పదం నుంచి ఈ మాట పుట్టింది. గర్భాశయం చోటు తప్పడం వల్లే ఊపిరాడకపోవడం, మాట పడిపోవడం వంటివి కలుగుతాయని ప్రాచీన గ్రీకు వైద్యులు భావించి, పెళ్లిని, గర్భధారణను విరుగుడుగా చెప్పారు. ఆ సలహా మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. అయితే 17వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ మగవారిలోనూ ఈ లక్షణాలుంటాయని రాశారు; 1880లలో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో నరాల వైద్యుడు షార్కో ఎందరో మగ రోగులను పరీక్షించి నమోదు చేశారు; మొదటి ప్రపంచ యుద్ధంలో గాయమేదీ లేకుండానే మాటా నడకా పోయిన సైనికులకు ‘షెల్ షాక్’ అని పేరు పెట్టారు. ఈ లక్షణాలు స్త్రీలలో ఎక్కువగా కనిపించే మాట నిజమే కానీ, పెళ్లి దేనికీ చికిత్స కాదు.

అపోహ: స్కానింగ్‌లో ఏమీ లేదంటే నటిస్తున్నట్టే.

వాస్తవం: రోగికి అన్నిటికన్నా హాని చేసే అపోహ ఇదే. కాలు చచ్చుబడిందన్న వ్యక్తిని పడుకోబెట్టి, ఆ మడమను కిందికి నొక్కమంటే బలం రాదు. కానీ మంచి కాలిని మన చేతి ఒత్తిడికి ఎదురుగా పైకెత్తమన్నప్పుడు, చచ్చుబడిందన్న కాలి మడమ తనంతట తానే కిందికి నొక్కుకుంటుంది. అమెరికన్ వైద్యుడు హూవర్ 1908లో వివరించిన ఈ పరీక్షను కొందరు దొంగను పట్టుకునే ఉపాయంగా చూస్తారు. నిజానికి అది, నరాల దారి చెడలేదని, కావాలనుకుని కదిలించే చోటే పని తప్పుతోందని చెబుతుంది. దీన్ని రోగికే చూపించి, మళ్లీ కదలిక సాధ్యమేనని వివరించడంతోనే చికిత్స మొదలవుతుంది. ఆ తర్వాత ఫిజియోథెరపీ, మానసిక చికిత్స అవసరాన్ని బట్టి సాగుతాయి.

అపోహ: ‘హిస్ట్రియానిక్’ కూడా ఇదే ధాతువు నుంచి వచ్చింది.

వాస్తవం: కాదు. అది నటుణ్ణి సూచించే లాటిన్ పదం నుంచి వచ్చింది. అతి ప్రదర్శన అనే అర్థం దానిది.

అపోహ: హిస్టీరియా నేటికీ రోగనిర్ధారణే.

వాస్తవం: అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ 1980లోనే ఈ పేరును వదిలేసింది. ఇప్పుడు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్, అంటే నాడీ వ్యవస్థ పనితీరులో లోపం, అంటున్నాం.

అపోహ: ఉల్లిపాయ వాసన చూపిస్తేనో, గట్టిగా గిల్లితేనో అసలు మూర్ఛో కాదో తేలిపోతుంది.

వాస్తవం: తేలదు. మూర్ఛ వల్ల వచ్చేవి, ఈ జబ్బు వల్ల వచ్చేవి - ఒకే వ్యక్తికి ఈ రెండు రకాల ఫిట్స్ కూడా ఉండవచ్చు. ఫిట్స్ సమయంలో చుట్టూ దెబ్బ తగిలే వస్తువులుంటే తీసేసి, వీలైతే ఫోనులో వీడియో తీయండి. కళ్లు మూసుకుని ఉన్నాయా, తెరిచి ఉన్నాయా అన్న చిన్న వివరం కూడా వైద్యుడికి ఉపయోగపడుతుంది. సందేహముంటే వీడియో ఈఈజీ (రోగిని వీడియో తీస్తూనే మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) చేస్తారు. మొదటిసారి వచ్చినా, ఐదు నిమిషాలు దాటినా పేరు గురించి వాదించుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.