గోడకు డ్రిల్ బిట్ దిగలేదా? కొత్త మిషన్ కొనేముందు ఇది చదవండి

పర్లాకిమిడిలో నాది హార్డ్‌వేర్ కొట్టు. పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి కూడా మనవాళ్ళు వస్తుంటారు. ఇంటిపని సొంతంగా మొదలుపెట్టినవాళ్ళ నోట ఈమధ్య ఒకటే మాట వింటున్నాను: "ఈ డ్రిల్ మిషన్‌కి పవర్ చాలట్లేదు బావూ, ఇంకా పెద్దది చూపించు." చూపిస్తే నాకు బేరమే. కానీ కష్టపడి సంపాదించిన డబ్బు అలా పోతుంటే చూడలేక రాస్తున్నాను.

అపోహ: గోడకు బెజ్జం పడకపోతే ఎక్కువ వాట్ల మిషన్ కావాలి.

వాస్తవం: ఇటుక గోడకు 500 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్ (తిరుగుతూ సుత్తిలా దెబ్బ కూడా కొట్టే మిషన్) సరిపోతుంది. బిట్ దిగట్లేదంటే పది సార్లలో తొమ్మిది సార్లు బిట్ తప్పు, మోడ్ తప్పు, లేదా మిషన్ రివర్సులో ఉంది.

పోయిన వారం ఒక రిటైర్డ్ మాస్టారు గుడ్డసంచిలో రెండు మిషన్లు పట్టుకొచ్చారు. మనవరాలి పుస్తకాలకు గోడ అర బిగిద్దామని మొదటిది కొన్నారు. అది పనిచేయలేదని 750 వాట్లది ఇంకోటి తెప్పించారు. రెండింటికీ కలిపి ఐదు వేలు దాటింది. బిట్ తీసి చూస్తే కొస నీలంగా మాడిపోయి ఉంది. అది ఇనుముకు వాడే బిట్. ట్రిగ్గర్ పక్కనున్న చిన్న మీట రివర్సు వైపు ఉంది. రివర్సులో బిట్ తొలవదు, గోడను రాసి రాసి వేడెక్కుతుంది, అంతే. కొట్లో ట్రయల్‌కి ఒక ఇటుక ఉంచుతాను. మీట మార్చి, గోడ బిట్ పెట్టి, సుత్తి బొమ్మ వైపు తిప్పి, ఆయన మొదటి మిషన్‌నే ఆయన చేతికిచ్చాను. పది సెకన్లలో దిగింది. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాలుగు రోజులు నిద్రపట్టలేదు బాబూ, నా చేతిలో బలం తగ్గిందనుకున్నాను" అన్నారు. ఆ మాట విన్నాక నాకు మనసు మనసులో లేదు.

బిట్ కొస చూసి పోల్చుకోండి. గోడ బిట్ కొసకు కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం ముక్క చిన్నది అతికించి ఉంటుంది. అది పూరిపాక కప్పులా, కాడ కంటే కొంచెం వెడల్పుగా ఉంటుంది. చెక్క బిట్‌కు నడిమధ్యన సూదిమొన ఉంటుంది. ఇనుము బిట్‌కు ఈ రెండూ ఉండవు, దాని కొస ఏటవాలుగా పదునుపెట్టి ఉంటుంది. ఇనుము బిట్‌ను గోడలో పెడితే ఒక్క బెజ్జానికే పదును పోతుంది.

గోడ కోసుకుపోదు, దెబ్బలకు నలిగి పొడి అవుతుంది. మిషన్ లోపల పళ్ళున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎగిరిపడితే ఆ దెబ్బ పుడుతుంది. చిన్న మిషన్లు కూడా నిమిషానికి 40 వేల దాకా కొడతాయి. సుత్తి బొమ్మ వైపు తిప్పకపోతే ఒక్క దెబ్బా పడదు. ఇక, గట్టిగా నొక్కితే త్వరగా దిగుతుందనేది దీని తోబుట్టువు లాంటి అపోహ. ఒంటి బరువంతా మోపితే తిరుగుడు తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది, మాడిన వాసన వస్తుంది. నిటారుగా పట్టుకుని, మధ్యమధ్యలో బిట్ బయటికి లాగి పొడి రానివ్వండి.

ఆ పొడిని చూడండి, లోపల ఏముందో అదే చెబుతుంది. ముందు బూడిదరంగు పొడి వస్తుంది, అది 12 నుంచి 15 మిల్లీమీటర్ల మందం ఉండే ప్లాస్టరింగు. తర్వాత ఎర్ర పొడి వస్తే ఇటుక తగిలినట్టు. ఫ్లై యాష్ ఇటుకల ఇంట్లో పొడి బూడిదరంగులోనే ఉంటుంది, కంగారుపడకండి. ఉన్నట్టుండి బిట్ ఆగి కీచుమంటే కాంక్రీటులో ఊచ తగిలింది, రెండు అంగుళాలు పక్కకు జరగండి. స్లాబుకు, బీముకు మాత్రం ఇంకా గట్టిగా దెబ్బ కొట్టే రోటరీ హ్యామర్ మిషన్ కావాలి, ఈ అపోహలో నిజం ఉన్నది అక్కడొక్కచోటే. దాన్ని కూడా కొనక్కర్లేదు, ఒక రోజు అద్దెకు తెచ్చుకోండి.

మన వీధుల్లో ఇంకా మట్టి అడుసుతో కట్టిన పాత ఇళ్ళున్నాయి. అక్కడ సుత్తి మోడ్ వద్దు, అతుకు దగ్గర బెజ్జం వద్దు, ఇటుక మధ్యలోనే వేయండి. గిట్టీ (స్క్రూ పట్టుకోవడానికి బెజ్జంలో దూర్చే ప్లాస్టిక్ ముక్క) పొడవు 25 మిల్లీమీటర్లయితే సగం ప్లాస్టరింగులోనే ఉండిపోతుంది. బరువు మోసే అర కోసం 50 మిల్లీమీటర్లది పెట్టండి. గిట్టీ 8 ఎంఎం అయితే బిట్ కూడా 8 ఎంఎం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

వంద ముక్కల టూల్ కిట్ కొంటే అన్నీ ఉన్నట్టేనా? కాదు. టేపు, సుత్తి, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, రసమట్టం, ఆక్సా బ్లేడు, కళ్ళద్దాలు కొనుక్కోండి. మిగతావి పని పడినప్పుడు చూసుకోవచ్చు.

టెస్టర్ వెలగకపోతే కరెంటు లేనట్టేనా? కాదు. ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి టెస్టర్ పనిచేస్తోందో లేదో చూడండి. ఏదేమైనా ఎంసీబీ (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే స్విచ్) ఆపకుండా వైరు ముట్టుకోవద్దు. స్విచ్ బోర్డుకు సరిగ్గా పైన, కింద, పక్కన బెజ్జం వేయొద్దు, గోడలో వైర్లు ఎక్కువగా ఆ దారినే వెళ్తాయి.

టైలు పగులుతుందని భయమా? టైలు దాటేవరకు సుత్తి మోడ్ వాడకండి, జారకుండా పైన టేపు అతికించండి.

డ్రిల్ వాడేటప్పుడు గ్లవ్స్ వేసుకుంటే క్షేమం అనేది మాత్రం ప్రమాదకరమైన మాట. బరంపురంలో చిన్నాన్న దగ్గర నేను పని నేర్చుకునే రోజుల్లో, నా పక్కనున్న కుర్రాడి నూలు గ్లవ్ తిరిగే బిట్‌కు చుట్టుకుని బొటనవేలు మెలితిరిగిపోయింది. ఇరవై ఏళ్ళయినా ఆ కేక నా చెవుల్లో ఉంది. గ్లవ్స్, వేలాడే చున్నీ, వదులు చేతుల చొక్కా, ఏవీ వద్దు.

2018లో తిత్లీ తుపాను తర్వాత మన వైపు ఎంతోమంది రేకులు సొంతంగా బిగించుకున్నారు. చాలా సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే పీచు ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. రేకు తడిపి, మంచి మాస్కు కట్టుకుని, సుత్తి మోడ్ లేకుండా మెల్లగా బెజ్జం వేయండి.

మిషన్ శబ్దానికే భయం వేస్తుందనేవాళ్ళు సిగ్గుపడక్కర్లేదు, మొదట్లో నాకూ చేతులు వణికాయి. మొన్న ఒక అంగన్‌వాడీ టీచరమ్మకు కొట్టు వెనక పాత ఇటుక ఇచ్చి, పది బెజ్జాలు వేయించాను. పదకొండోది ఇంట్లో దేవుడి పటానికి వేసుకున్నారు. శుక్రవారం మళ్ళీ వచ్చి, కర్టెన్ రాడ్డుకని గిట్టీల ప్యాకెట్ పట్టుకెళ్ళారు.