జీఈ కోర్సులు, ట్రాన్స్‌ఫర్ యూనిట్లు: మా కౌన్సెలింగ్ గదిలో తరచూ వినే అపోహలు

కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో నేను ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్‌ని. ఇక్కడ మొదటి రెండేళ్లు చదివి యూనివర్సిటీలో మూడో ఏడాదికి మారడాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. ఫ్రీమాంట్, మిల్పిటాస్, శాన్ రామోన్ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువ కాబట్టి మా ఆఫీసులో తెలుగు వినబడని వారం ఉండదు. తల్లిదండ్రులు మేజర్ (ప్రధాన సబ్జెక్టు) గురించి, ఫీజుల గురించి వివరాలన్నీ తెలుసుకునే వస్తారు. జనరల్ ఎడ్యుకేషన్, అంటే మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన, జీఈ అని పిలిచే కోర్సుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన మాటను నమ్ముకుంటారు. దానివల్ల పిల్లలకు ఒక సెమిస్టర్, ఒక్కోసారి ఏడాది పోవడం చూశాను. అందుకే ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీల సంగతే. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు రూల్స్ వేరు.

ముందు తెలియాల్సింది కాల్-గెట్సీ, అంటే ట్రాన్స్‌ఫర్ కోసం పూర్తి చేసే జీఈ కోర్సుల ప్యాటర్న్. ఇంతకుముందు యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), కాల్ స్టేట్‌కి (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వెళ్లేవాళ్లకు ఐగెట్సీ అని ఒకటి, కాల్ స్టేట్‌కి మాత్రమే పనికొచ్చే బ్రెడ్త్ అని ఇంకొకటి ఉండేవి. 2021లో వచ్చిన ఏబీ 928 చట్టం ప్రకారం 2025 ఫాల్ (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్) నుంచి రెండింటి స్థానంలో కాల్-గెట్సీ ఒక్కటే వచ్చింది. మొత్తం 11 కోర్సులు, 34 సెమిస్టర్ యూనిట్లు. ఇంగ్లిష్ రచన, క్రిటికల్ థింకింగ్‌తో కూడిన రెండో రచనా కోర్సు, స్పీచ్, మ్యాథ్, ఆర్ట్స్ ఒకటి, హ్యుమానిటీస్ ఒకటి, సోషల్ సైన్స్ రెండు, ఫిజికల్ సైన్స్, బయాలజీ (వీటిలో ఒకదానికి ల్యాబ్ ఉండాలి), ఎథ్నిక్ స్టడీస్ (అమెరికాలోని వివిధ జాతుల చరిత్ర, అనుభవాలు) ఒకటి. 2025 ఫాల్ కంటే ముందే చేరి, మధ్యలో మానకుండా చదువుతున్నవాళ్లు పాత ప్యాటర్న్‌లోనే ముగించుకోవచ్చు. అలాంటివాళ్లు కంగారుపడి మార్చుకునే ముందు ఒకసారి కౌన్సెలర్‌ని కలవండి.

అపోహ: "యూనిట్లన్నీ ట్రాన్స్‌ఫర్ అవుతాయన్నారు. అంటే జీఈ అయిపోయినట్టే కదా?"

నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. డబ్బు బ్యాంకులో పడటం వేరు, అది ఏ అప్పు కింద జమ అయిందన్నది వేరు. కోర్సు విషయంలో మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. ఆ యూనిట్లను యూనివర్సిటీ లెక్కలోకి తీసుకుంటుందా? ఏదైనా జీఈ ఏరియాను పూర్తి చేస్తుందా? మేజర్‌కు కావాల్సిన కోర్సుగా పనికొస్తుందా? మొదటిదానికి అవునన్న జవాబు వచ్చి, మిగతా రెండిటికీ కాదని రావచ్చు. అప్పుడు ఆ కోర్సు ఎలెక్టివ్‌గా, అంటే ఏ నియమాన్నీ తీర్చని అదనపు కోర్సుగా మిగులుతుంది.

ఒక అబ్బాయి ఉండేవాడు. 60 యూనిట్లు దాటాడు, కంప్యూటర్ సైన్స్ కోర్సులన్నీ ఏ గ్రేడ్లే. "ఆంటీ, ఒక్క స్పీచ్ కోర్సే కదా, వెళ్లాక అక్కడే చేసుకుంటాను" అన్నాడు. అలా కుదరదు. కాల్ స్టేట్‌కి ఫాల్‌లో ట్రాన్స్‌ఫర్ కావాలంటే రచన, స్పీచ్, క్రిటికల్ థింకింగ్, మ్యాథ్ ఈ నాలుగూ అంతకుముందు స్ప్రింగ్ (జనవరి ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్) ముగిసేలోపు పూర్తి కావాలి. వీటినే గోల్డెన్ ఫోర్ అంటారు. అతను నా దగ్గరికి వచ్చేసరికి ఏప్రిల్. స్ప్రింగ్‌లో కొత్తగా చేరడానికి క్లాసులు లేవు. ఒకే ఒక్క 3 యూనిట్ల కోర్సు కోసం ఆ ఏడాది అడ్మిషన్ పోయింది. వాళ్లమ్మ నా ఎదురుగా కూర్చుని, "ఇన్ని చదివించాం మేడమ్, ఇది ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది.

పరిష్కారం కష్టమేమీ కాదు. అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే అధికారిక సైట్ ఉంది. మీ కాలేజీ, మీరు వెళ్లాలనుకునే క్యాంపస్, మేజర్, ఏ విద్యా సంవత్సరం అన్నది ఎంచుకుంటే ఏ కోర్సుకు ఏది సమానమో చూపిస్తుంది. జీఈ జాబితా అందులో వేరుగా ఉంటుంది, రెండూ చూడాలి. కోర్సు తీసుకున్న ఏడాది జాబితాలో అది ఉందా అన్నది ముఖ్యం. అన్న తీసుకున్నప్పుడు ఉన్న కోర్సు చెల్లెలి టైంకి జాబితాలో లేకపోవచ్చు.

ఇంకో సంగతి. కమ్యూనిటీ కాలేజీ నుంచి ఎన్ని యూనిట్లు తెచ్చినా లెక్కలోకి వచ్చేది 70 సెమిస్టర్ యూనిట్ల వరకే. డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. అక్కడి 90 యూనిట్లు ఇతర చోట్ల 60తో సమానం. ఈ లెక్క తెలియక "మావాడికి 90 అయిపోయాయి, మీ అమ్మాయికి 60యే" అని పోల్చుకుని బాధపడే ఇళ్లను చూశాను.

అపోహ: "ఏపీ పరీక్షల్లో అన్నీ 5లే. జీఈ అక్కర్లేదు."

ఏపీ అంటే హైస్కూల్లో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు, స్కోరు 5 వరకు ఉంటుంది. అందులో 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే కాల్-గెట్సీలో సంబంధిత ఏరియాకు పనికొస్తుంది, ఇది నిజం. కానీ ఏపీ ఇంగ్లిష్‌తో మొదటి రచనా కోర్సే తీరుతుంది. క్రిటికల్ థింకింగ్ ఉన్న రెండో రచనా కోర్సు దానితో తీరదు. స్పీచ్‌కి ఏపీ పరీక్షే లేదు. జీఈకి సరిపోయిన స్కోరు మేజర్‌కు సరిపోకపోవచ్చు కూడా. మ్యాథ్ ఏరియా తీరడానికి కాల్క్యులస్‌లో 3 చాలు, ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్ అంతకంటే ఎక్కువ అడగొచ్చు. ఏపీ కాల్క్యులస్ ఉండగా కాలేజీలో మళ్లీ అదే కోర్సు తీసుకుంటే యూసీ క్రెడిట్ ఒక్కసారే ఇస్తుంది.

అపోహ: "ముందు జీఈ మొత్తం అవగొట్టేయాలి. మేజర్ సంగతి తర్వాత."

ఇంగ్లిష్, సైకాలజీ, పొలిటికల్ సైన్స్ లాంటి మేజర్లకు ఈ దారి బాగానే నడుస్తుంది. మన పిల్లల్లో ఎక్కువమంది ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, బయాలజీ వైపు వెళ్తారు కాబట్టి గట్టిగా చెప్పాల్సి వస్తోంది: యూసీలో ఈ మేజర్లకు అప్లై చేస్తే వాళ్లు ముందు చూసేది కాల్క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్ వరుస పూర్తయిందా లేదా అన్నది. యూసీ బర్క్లీలోని ఇంజినీరింగ్ కాలేజీ ఐగెట్సీ తరహా ప్యాటర్న్‌ను జీఈ కింద లెక్కలోకి తీసుకోదు. అక్కడ హ్యుమానిటీస్, సోషల్ సైన్స్‌లలో ఆరు కోర్సుల సొంత నియమం ఉంది. జీఈ అంతా ముగించి ఫిజిక్స్ వరుస సగంలో వదిలేసిన విద్యార్థికి అక్కడ చోటు దొరకడం కష్టం.

అలాగని జీఈ పూర్తిగా మానేస్తే యూసీ కనీస అర్హతే ఉండదు. రెండు ఇంగ్లిష్ రచనా కోర్సులు, ఒక మ్యాథ్, మిగతా రంగాల నుంచి నాలుగు, ఈ ఏడు కోర్సులూ అన్నిట్లో సీ గ్రేడ్‌తో ఉండాలి. నేను చెప్పేది ఒక్కటే, మేజర్ కోర్సుల్లో జీఈ కూడా తీర్చేవాటిని ముందు పెట్టండి. కాల్క్యులస్ మ్యాథ్ ఏరియాను, ల్యాబ్ ఉన్న ఫిజిక్స్ ఫిజికల్ సైన్స్‌నూ ల్యాబ్‌నూ కలిపి తీరుస్తాయి. ఒక కోర్సు మేజర్‌కీ జీఈకీ రెండిటికీ పనికొస్తుంది. కాల్-గెట్సీలోనే రెండు ఏరియాలకు మాత్రం ఒకే కోర్సును వాడుకోలేరు.

అపోహ: "ఇండియాలో బీటెక్ మొదటి ఏడాది అయిపోయింది. ఇంగ్లిష్, మ్యాథ్స్ మళ్లీ ఎందుకు?"

హైదరాబాద్, విజయవాడల నుంచి మధ్యలో వచ్చిన పిల్లల మొహాలు నాకు గుర్తున్నాయి. అమ్మానాన్నలతో వీసా మీద వచ్చేసరికి ఏడాదో రెండేళ్లో చదువు అయి ఉంటుంది. అమెరికాలో రీజినల్ అక్రెడిటేషన్ (అక్కడి సంస్థ ఇచ్చే గుర్తింపు) లేని విదేశీ కాలేజీల కోర్సులు కాల్-గెట్సీకి పనికిరావు. బీటెక్ ఇంగ్లిష్ పేపర్‌లో 80 వచ్చినా రచనా కోర్సు కింద లెక్కకు రాదు. ఆ పిల్లల చదువు తక్కువని దీని అర్థం కాదు, ప్యాటర్న్ రూల్ అలా ఉంది, అంతే.

అయితే ఆ ఏడాది మొత్తం వృథా కాదు. ఇంజినీరింగ్ మ్యాథ్స్, ఫిజిక్స్‌కు యూనిట్లు దొరకొచ్చు, కొన్ని క్యాంపసులు మేజర్ కోర్సుగానూ ఒప్పుకోవచ్చు. యూసీ విదేశీ మార్కులను తనే చూసుకుంటుంది. కమ్యూనిటీ కాలేజీలు మాత్రం ఎక్కువగా బయటి సంస్థ చేసిన కోర్సువారీ ఎవాల్యుయేషన్ అడుగుతాయి. కాబట్టి విమానం ఎక్కే ముందే సెమిస్టర్ల వారీగా మార్క్స్ మెమోలు, యూనివర్సిటీ ముద్ర ఉన్న సిలబస్ కాపీలు తెచ్చుకోండి. ఇక్కడికి వచ్చాక మావయ్యనో బాబాయినో ఇండియాలోని కాలేజీ ఆఫీసు చుట్టూ తిప్పడం చాలా కష్టం. సిలబస్ లేకపోతే ఆ పేపర్‌లో ఏం చదివారో డిపార్ట్‌మెంట్‌కు చూపించే ఆధారమే ఉండదు.

అపోహ: "ఎథ్నిక్ స్టడీస్ టైం దండగ. ఏదో ఒకటి ఈజీది చూసి పెట్టండి."

ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. 1968, 69లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్‌లో విద్యార్థులు నెలల తరబడి సమ్మె చేసి సాధించుకున్న చదువు ఇది. 2020లో ఏబీ 1460 చట్టంతో కాల్ స్టేట్ విద్యార్థులందరికీ తప్పనిసరి అయింది. ఏషియన్ అమెరికన్ స్టడీస్ కోర్సు తీసుకున్న మా విద్యార్థిని ఒకమ్మాయి భగత్ సింగ్ తింద్ కేసు గురించి చదివి వచ్చింది. ఆ కేసులో 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది, అప్పటికే పౌరసత్వం వచ్చిన కొందరి నుంచి దాన్ని వెనక్కి తీసుకున్నారు. బర్క్లీలో గణితం చదివిన దలీప్ సింగ్ సౌంద్ 1956లో ఇదే కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. "ఆంటీ, మా నాన్న గ్రీన్‌కార్డు క్యూ గురించి రోజూ మాట్లాడతారు, ఈ కథ మాత్రం ఆయనకే తెలియదు" అంది ఆ అమ్మాయి. ఆ సాయంత్రం తండ్రికి చదివి వినిపించిందట. అందుకే ఈజీది అని వెతక్కుండా మీ అమ్మాయికి, అబ్బాయికి ఏ చరిత్ర తెలుసుకోవాలని ఉందో అడిగి ఎంచుకోమంటాను.

అపోహ: "సీ మైనస్ అంటే పాసే కదా."

కాల్ స్టేట్ అడ్మిషన్ కోసం గోల్డెన్ ఫోర్‌లో సీ మైనస్ చాలు. కాల్-గెట్సీ సర్టిఫికేషన్‌కు, అంటే జీఈ పూర్తయిందని కాలేజీ ధృవీకరించడానికి ప్రతి కోర్సులోనూ సీ ఉండాలి.

అపోహ: "హైస్కూల్లో ఉండగా తీసుకున్న కాలేజీ క్లాసు గ్రేడ్ ఎవరూ చూడరు."

చూస్తారు. అది కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉంటుంది. అప్లికేషన్‌లో చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయాల్సిందే. తొమ్మిదో తరగతి పిల్లాడిని వేసవిలో మూడు కాలేజీ క్లాసుల్లో చేర్పించే ముందు ఇది ఆలోచించండి. ఆ కోర్సులు చేసినంత మాత్రాన వాళ్లు ట్రాన్స్‌ఫర్ విద్యార్థులు అయిపోరు, ఫ్రెష్‌మన్‌గానే (మొదటి ఏడాది విద్యార్థిగా) అప్లై చేస్తారు. ఆ కోర్సులు దేనికి పనికొస్తాయో చేరిన క్యాంపస్ రూల్స్ ప్రకారం చూస్తారు.

అపోహ: "కాల్-గెట్సీ అయిపోతే ఇక జీఈ లేదు. సర్టిఫికెట్ దానంతట అదే వెళ్తుంది."

కాల్ స్టేట్‌లో మూడో ఏడాదికి చేరాక పై స్థాయి జీఈ ఇంకో 9 యూనిట్లు అక్కడే చేయాలి. అమెరికా చరిత్ర, రాజ్యాంగం, కాలిఫోర్నియా ప్రభుత్వం గురించి ఇంకో నియమం ఉంది. దాన్ని సోషల్ సైన్స్ జీఈ కోర్సులతో కలిపి ముందే తీర్చుకోవచ్చు, ఈ వెసులుబాటు చాలామంది వాడుకోరు.

సర్టిఫికేషన్ విషయానికొస్తే చాలా కాలేజీల్లో మీరు అడిగితేనే చేస్తారు. రెండు మూడు కాలేజీల్లో చదివి ఉంటే అన్ని ట్రాన్‌స్క్రిప్ట్‌లూ, ఏపీ స్కోర్లూ చివరి కాలేజీకి ముందే చేరాలి. లేకపోతే వాళ్లకు 11లో తొమ్మిదే కనబడతాయి. స్ప్రింగ్ గ్రేడ్లు వచ్చిన వారంలోనే ఫారం పెట్టేయండి. యూసీకి చివరి ట్రాన్‌స్క్రిప్ట్ జూలై 1 లోపు అందాలి, జూన్ ఆఖరు వారంలో మా ఆఫీసు ముందు లైను చాలా పొడుగ్గా ఉంటుంది.