గుద్దుకున్న చోటే రాజీ: కారు యజమానిని ముంచే కాగితం

"బైకతనికి పెద్ద దెబ్బలేం తగల్లేదండీ. ఇరవై వేలిచ్చి తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నాం. ఇప్పుడేమో కోర్టు నోటీసొచ్చింది." మోటారు క్లెయిములు చూసేవాళ్లకు ఈ మాట వినపడని నెల ఉండదు. అందుకే ముందు దీని సంగతే.

అపోహ: రాజీ కాగితం ఉంటే పోలీసులతో, ఇన్సూరెన్సుతో పని లేదు.

తలకు తగిలిన దెబ్బ ఆ పూటే బయటపడాలని లేదు. లేచి నిలబడి "నాకేం కాలేదు" అన్న మనిషే, లోపల సన్నగా రక్తం చేరి, నాలుగు రోజులకు వాంతులతో, మత్తుతో ఆసుపత్రిలో చేరవచ్చు. అక్కడ ఎంఎల్‌సీ (పోలీసులకు చేరే ఆసుపత్రి నమోదు) రాస్తారు, ఎఫ్‌ఐఆర్ అవుతుంది, తర్వాత ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌లో ఓపీ (పరిహారం కోరే పిటిషన్) పడుతుంది. మీ తెల్లకాగితం వాటిలో దేన్నీ ఆపలేదు. "మా కారు గుద్దినందుకు" అని అందులో రాసి ఉంటే, తప్పు మీదేనని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు.

పాలసీ పుస్తకం తీసి షరతులు చదవండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బిస్తానని మాటివ్వడం, ఇవ్వడం కూడదని ఉంటుంది. మీరిచ్చిన ఇరవై వేలు ఎవరూ తిరిగివ్వరు. సమాచారం ఇవ్వలేదన్న అభ్యంతరం ఒకటి అదనంగా నెత్తిన పడుతుంది.

బాధ్యత ఎంత ఉంటుందో చూడండి. ముప్పై ఏళ్ల తాపీ మేస్త్రి, నెలకు 15,000 సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు అనుకుందాం. అతను చనిపోతే ట్రైబ్యునల్ ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతుంది: 21,000. సొంత ఖర్చుకు మూడో వంతు తీసేస్తే 14,000. పన్నెండు నెలలు, ఆ వయసుకు మల్టిప్లయర్ (ఏడాది మొత్తాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) 17, మొత్తం 28,56,000. వడ్డీ, మిగతా పద్దులు ఆపైన. మరణానికి, గాయాలకు థర్డ్ పార్టీ పాలసీలో (ఎదుటివారికి జరిగిన నష్టం భరించేది) పైపరిమితి లేదు. ఎదుటివారి ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షలు. ఈ భారం మోయడానికే కదా మీరు ఏటా ప్రీమియం కట్టేది!

దెబ్బ తగిలినవాళ్లకూ ఈ రాజీ నష్టమే. 2025 మే నుంచి అమల్లో ఉన్న నగదు రహిత చికిత్స పథకంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి 1.5 లక్షల దాకా వైద్యం అందుతుంది. అది పోలీసుల నిర్ధారణతో ముడిపడి ఉంది. సమాచారమే లేకపోతే ఆ దారీ మూసుకుపోతుంది.

కాబట్టి ముందు 108కి, 112కి ఫోన్ చేయండి. బండ్లు పక్కకు తీసేలోపు ఫొటోలు తీయండి: నాలుగు వైపుల నుంచి, రెండు నంబరు ప్లేట్లు, టైర్ల జారుడు గుర్తులు, కిలోమీటరు రాయో కరెంటు స్తంభమో కనపడేలా దూరం నుంచి ఒకటి. డాష్‌క్యామ్ ఉంటే కార్డు తీసి దాచండి, లేకపోతే పాత వీడియో మీద కొత్తది ఎక్కేస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పాలి. బీమా కంపెనీకి పాలసీ నంబరు, తేదీ, సమయం, స్థలం, గాయపడినవారి వివరాలు, నడిపినవారి పేరు, లైసెన్సు వివరాలు రాసి పంపాలి.

రాజీ పడాలనే ఉంటే కంపెనీని కూడా కూర్చోబెట్టి లోక్ అదాలత్‌లో పడండి. అక్కడిచ్చే అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు.

అపోహ: జనం కొడతారు, ఆగితే జైలే.

ఈ భయం నిజమైనదే, ఎవరినీ తప్పుపట్టలేం. జనం మీద పడే పరిస్థితి ఉంటే అక్కడే నిలబడి సాయం చేయాలన్న నిబంధన నుంచి చట్టమే మినహాయింపు ఇస్తోంది. కాకపోతే నేరుగా దగ్గరలోని స్టేషన్‌కే వెళ్లాలి, ఇంటికి కాదు. ఇక నిర్లక్ష్యపు డ్రైవింగ్, దాని వల్ల గాయాలు, చివరికి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 106(1) కింద మరణం, ఇవన్నీ బెయిలబుల్ సెక్షన్లే, అంటే బెయిలు హక్కుగా దొరికేవే. కారును ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) తనిఖీ చేశాక 24 గంటల్లో తిరిగివ్వాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 136 చెబుతోంది. తనిఖీ అయ్యేదాకా రిపేరు జోలికి మాత్రం పోకండి.

అపోహ: అబ్బాయికి లైసెన్సు లేదు, డ్రైవరు పేరు పెడితే సరి.

సీటు బెల్టు ఒరిపిడి ఏ భుజం మీద ఉంది, డ్రైవరు సీటు ఎంత ముందుకు జరిపి ఉంది, దారిలో టోల్‌గేటు కెమెరాలో ఎవరు కనపడ్డారు, ఇవన్నీ చూస్తారు. అబద్ధం దొరికితే క్లెయిమూ పోతుంది, పేరు అరువిచ్చినవాడూ కేసులో ఇరుక్కుంటాడు.

అపోహ: ఇంజిన్ స్టార్టయితే షెడ్డుదాకా నడుపుకు పోవచ్చు.

ముందు బంపర్ వెనకే రేడియేటర్ ఉంటుంది. చిన్న చిల్లు పడినా కూలెంట్ కారిపోయి ఇంజిన్ వేడెక్కి కొన్ని కిలోమీటర్లకే దాని హెడ్ గ్యాస్కెట్ పోతుంది. కింద ఇంజిన్ ఆయిల్ ఉండే సంపు పగిలి ఆయిల్ కారితే బేరింగులు పట్టేస్తాయి. రిపేరు చేయకుండా నడిపినందువల్ల పెరిగిన నష్టం మీదేనని పాలసీలోనే ఉంది. కారు కింద తడి కనపడితే తాళం తిప్పకండి, టోయింగ్ పిలవండి.

అపోహ: ప్రతి గీతకూ ఎఫ్‌ఐఆర్, ప్రతి గీతకూ క్లెయిమ్.

ఎవరికీ దెబ్బ తగలకుండా గోడకో డివైడర్‌కో రాసుకుంటే మామూలుగా ఎఫ్‌ఐఆర్ అడగరు. 7,000 ప్లాస్టిక్ బంపర్‌కు, జీరో డిప్ (తరుగు కోయని అదనపు కవర్) లేకపోతే, సగం తరుగు, 1,000 తప్పనిసరి కోత పోను చేతికొచ్చేది 2,500. దానికోసం 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) వదులుకోవాలో లేదో రెన్యువల్ కాగితం పక్కన పెట్టుకుని లెక్కేసుకోండి.