పద్నాలుగు జెర్సీల మనిషి

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో చిన్నోడు ఒక బేస్‌బాల్ కార్డు చూపించాడు. వెనక ఉన్న టీముల పేర్లు వేలు పెట్టి చదివి, "ఇన్ని టీములు మారాడంటే ఎవరికీ అక్కర్లేదనేగా తాతయ్యా?" అన్నాడు. ఇంతలో వాడికి ప్రాక్టీసుకు టైమైపోయింది, కాల్ పెట్టేశాం. ఆ మాట మాత్రం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. దానికి జవాబు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే సరిపోదు, అందుకే ఈ ఉత్తరం. తెనాలిలో ఉన్న పిల్లలకూ ఒక కాపీ పంపుతున్నాను. ఆ ఆట వాళ్ళకు తెలియదు కాబట్టి మధ్యమధ్య విడమరిచి చెబుతాను, అమెరికా పిల్లలు విసుక్కోవద్దు.

ఆ కార్డు మీది మనిషి ఎడ్విన్ జాక్సన్. 1983లో జర్మనీలోని నాయ్-ఉల్మ్‌లో పుట్టాడు. తండ్రి అమెరికా సైన్యంలో పనిచేసేవాడు, అందుకని అక్కడ పుట్టాడు. పెరిగింది జార్జియా రాష్ట్రంలోని కొలంబస్‌లో. 2003 నుంచి 2019 దాకా 17 సీజన్లు అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పెద్దదైన మేజర్ లీగ్‌లో ఆడాడు, 14 టీముల జెర్సీలు వేశాడు. 2025లో రిచ్ హిల్ అనే పిచ్చర్ ఆ లెక్కను అందుకునేదాకా, పద్నాలుగు టీములకు ఆడినవాడు ఆ లీగ్ చరిత్రలో ఇంకొకడు లేడు. ఇలా కాలికి బలపం కట్టుకుని తిరిగే ఆటగాణ్ణి అక్కడ జర్నీమన్ అంటారు. ఆ మాట మొదట్లో చేతిపని నేర్చుకుని, ఇంకా సొంత దుకాణం లేక, రోజుకూలికి పనిచేసే వాళ్ళకు వాడేవారట. నాకు ఆ పేరులో చిన్నతనం ఏమీ కనపడదు. పని వచ్చినవాడికే కదా కూలి ఇస్తారు.

తెనాలి పిల్లలూ, జాక్సన్ ఒక పిచ్చర్. పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడే గానీ పరుగెత్తుకుంటూ రాడు. 10 అంగుళాల ఎత్తు దిబ్బ మీద నిలబడి, ఒక కాలు పైకెత్తి, మోచెయ్యి వంచి విసురుతాడు. అలా మోచెయ్యి వంచి విసిరితే క్రికెట్లో నోబాల్, ఇక్కడ అదే పద్ధతి. బ్యాటర్ ముందుండే పలక అక్కడికి 60 అడుగుల 6 అంగుళాల దూరం. బంతి నేలను తాకకుండా దాని మీదుగా పోవాలి. జాక్సన్ బంతి గంటకు 150 కిలోమీటర్ల వేగం అందుకునేది. వేగం ఎప్పుడూ ఉంది, అది చెప్పిన చోటికి వెళ్ళడమే కష్టమయ్యేది. బంతి నాలుగుసార్లు గురి తప్పితే బ్యాటర్ ఊరికే నడిచి మొదటి బేస్‌కి, అంటే పరుగు కోసం చుట్టి రావాల్సిన మజిలీల్లో మొదటిదానికి, వెళ్ళిపోతాడు. దాన్ని వాక్ అంటారు. అతని జీవితమంతా ఈ వాక్‌లతోనే పోరాటం.

మొదటి ఆట కథ వింటే మీకు ఒళ్ళు జలదరిస్తుంది. 2003 సెప్టెంబర్ 9న అతనికి సరిగ్గా 20 ఏళ్ళు నిండాయి. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఆ రోజే అతని చేతికి బంతి ఇచ్చింది. ఎదురు టీము పిచ్చర్ రాండీ జాన్సన్, 6 అడుగుల 10 అంగుళాల మనిషి, ఆ కాలంలో బ్యాటర్లకు సింహస్వప్నం. పుట్టినరోజు కుర్రాడే గెలిచాడు. అంత గొప్పగా మొదలుపెట్టాక కూడా తరవాతి రెండేళ్ళు నిలదొక్కుకోలేక, చిన్న లీగులకూ పెద్ద లీగుకూ మధ్య తిరిగాడు. 2006లో టాంపా బే టీముకు ట్రేడ్ అయ్యాడు.

ట్రేడ్ అంటే ఏమిటో చిన్నోడికి సరిగ్గా తెలియాలి. ఒక టీము తన దగ్గరున్న ఆటగాణ్ణి ఇచ్చి, అవతలి టీము నుంచి వేరేవాణ్ణి తెచ్చుకుంటుంది. ఒప్పందం, జీతం మనిషితోపాటే వెళ్తాయి. సాధారణంగా ఆ మనిషిని ఇష్టమేనా అని అడగరు. కాదనే హక్కు ఒప్పందంలో రాసుకుని ఉండాలి, లేదా లీగ్‌లో పదేళ్ళు పూర్తిచేసి, అందులో చివరి ఐదేళ్ళు ఒకే టీములో ఉండాలి. జాక్సన్ ఎక్కడా వరసగా మూడు సీజన్లు దాటలేదు. అతనికి పదేళ్ళు నిండాయి గానీ ఆ ఐదు ఎన్నడూ నిండలేదు. నాకు బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చినప్పుడల్లా మీ నాన్నమ్మ పాత పేపర్లలో గిన్నెలు చుడుతూ ఏడ్చేది. అయినా మాకు చేరడానికి గడువు ఉండేది. వీళ్ళు రాత్రి ఆట ముగిశాక సంచి సర్దుకుని, తెల్లారేసరికి ఇంకో ఊళ్ళో ఉండాలి.

కానీ గమనించండి, ట్రేడ్‌లో అవతల ఒకడు చెయ్యి చాచాలి. జాక్సన్ కోసం చేతులు చాస్తూనే ఉన్నారు. ఎందుకంటే 2007 నుంచి 2013 దాకా ఏడేళ్ళలో ఏ ఒక్క ఏడాదీ అతను 30కి తక్కువ ఆటలు మొదలుపెట్టలేదు. ఆటలో తన టీముకు మొదటి బంతి నుంచి విసిరేవాణ్ణి మొదలుపెట్టే పిచ్చర్ అంటారు, అతని వంతు ఐదు రోజులకొకసారి వస్తుంది. భుజమో మోచెయ్యో దెబ్బతిని ఏడాదికేడాది మంచం పట్టేవాళ్ళు ఎందరో ఉండే ఆ పనిలో, వంతు తప్పకుండా దిబ్బ ఎక్కేవాడి విలువ మేనేజర్లకు తెలుసు. 2008లో టాంపా బే మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్‌కు, అంటే ఆ లీగ్ ఫైనల్‌కు, వెళ్ళినప్పుడు అతను ఆ టీములో 14 ఆటలు గెలిచాడు. మరుసటేడు డెట్రాయిట్ తరఫున ఆల్‌స్టార్, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ళతో ఆడించే ఆటకు ఎంపికైనవాడు.

ఇక 2010 జూన్ 25. అప్పుడు ఆరిజోనాలో ఉన్నాడు, ఆట తన పాత ఊరు టాంపా బేలో. మూడో ఇన్నింగ్స్ అయ్యేసరికే ఏడు వాక్‌లు ఇచ్చేశాడు. ఒక దశలో ఒక్కరూ ఔట్ కాకుండానే మూడు బేస్‌లూ నిండాయి. నేనైతే అక్కడే మార్చేసేవాణ్ణి. మేనేజర్ ఏ.జే. హించ్ మార్చలేదు. ఆ ఇరుకులోంచి బయటపడి జాక్సన్ అలా విసురుతూనే పోయాడు. 149 బంతులు, ఎనిమిది వాక్‌లు. తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఒక్క బ్యాటర్ కూడా అతని బంతిని శుభ్రంగా కొట్టి బేస్ చేరలేకపోయాడు. దాన్ని నో-హిట్టర్ అంటారు. స్కోరు 1-0. వేలకు వేల ఆటల్లో కొన్ని వందలసార్లు మాత్రమే జరిగిన సంగతి అది. నెల తిరిగి ఐదు రోజులకే, జూలై 30న, ఆ టీమే అతన్ని చికాగో వైట్ సాక్స్‌కు ట్రేడ్ చేసేసింది.

2011 జూలై 27న ఇంకా విడ్డూరం జరిగింది. వైట్ సాక్స్ అతన్ని టొరంటోకి ఇచ్చింది, టొరంటో అదే రోజు సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు ఇచ్చింది. టొరంటో జెర్సీ తొడుక్కోనే లేదు. ఆ రెండో ట్రేడ్‌లో అతనితోపాటు వెళ్ళిన ఇంకో పిచ్చర్ ఆక్టావియో డోటెల్. మూడు నెలల్లో వాళ్ళిద్దరూ కార్డినల్స్‌తో కలిసి వరల్డ్ సిరీస్ గెలిచారు. తరవాత డోటెల్ 13 టీములకు ఆడి రికార్డు పెట్టాడు. దాన్ని దాటింది జాక్సనే, 2019 మే నెలలో. ఆ పద్నాలుగో టీము ఏదనుకున్నారు? టొరంటో. ఎనిమిదేళ్ళ కిందట తొడుక్కోకుండానే వెళ్ళిపోయిన జెర్సీ.

చేదు కూడా చెప్పాలి, దాచడం నాకు నచ్చదు. చికాగో కబ్స్ నాలుగేళ్ళకు 5.2 కోట్ల డాలర్లతో ఒప్పందం చేసుకుంటే, మొదటి ఏడాదే 8 గెలుపులు, 18 ఓటములు. ఆ టీము ఆ ఏడు మొత్తం 96 ఆటలు ఓడింది, కాబట్టి పాపమంతా అతనిది కాదు. కానీ కార్డు మీద ఓటమి పిచ్చర్ పేరునే పడుతుంది. 2015లో ఒప్పందం ముగియకముందే వదిలేశారు. అక్కడి నుంచి అట్లాంటా, మయామి, శాన్ డియేగో, బాల్టిమోర్. మళ్ళీ చిన్న లీగుల్లో, తనకంటే పదిపదిహేనేళ్ళు చిన్నవాళ్ళ పక్కన నిలబడ్డాడు. 2018లో ఓక్లాండ్‌లో పిచ్చర్లు వరసగా గాయాలపాలైతే కబురొచ్చింది. నో-హిట్టర్ వేసి సరిగ్గా ఎనిమిదేళ్ళు నిండిన రోజున, జూన్ 25న, మళ్ళీ దిబ్బ ఎక్కాడు. ఆ ఏడు 6 గెలిచి 3 ఓడాడు, ఓక్లాండ్ ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. నాకు నో-హిట్టర్ కంటే ఈ వేసవే ఎక్కువ ఇష్టం.

మొత్తం లెక్క 107 గెలుపులు, 133 ఓటములు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా టీముతో వెండి పతకం తెచ్చుకుని, మరుసటేడు సెప్టెంబర్‌లో రిటైరయ్యాడు. చిన్నోడా, నీ ప్రశ్నకు నా జవాబు ఇదే: అక్కర్లేని మనిషికి పద్నాలుగు చోట్ల నుంచి పిలుపు రాదు.

ఇంకొక్క మాట. ఆ 149 బంతుల సంగతి చదివి నువ్వు ఉత్సాహపడతావని నాకు భయంగా ఉంది. నీకు పదకొండేళ్ళు. మీ లిటిల్ లీగ్ నియమం ప్రకారం ఆ వయసువాళ్ళు రోజుకు 85 బంతులు దాటకూడదు. శనివారం అక్కను పక్కన కూర్చోబెట్టి లెక్క రాయించు. చెయ్యి నొప్పి అనిపిస్తే లెక్క పూర్తికాకపోయినా కోచ్‌కి చెప్పి దిగిపో. నేను డిసెంబర్‌లో వస్తున్నాను, కార్డు జాగ్రత్తగా ఉంచు.

మీ తాతయ్య